పదిహేడు దెబ్బల పాట

ముందు డ్రమ్ము ఒక్కటే.
పదిహేడు దెబ్బలు.
ఆ తర్వాతే గిటారు
తీగ తెగబోతున్నట్టు మూలుగుతుంది.

సైలీషియా బొగ్గు ఊళ్లలో చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు
పదిహేడు ఎందుకో.
మా వ్రోనోవ్ గనిలో ఒక మంగళవారం రాత్రి
గ్యాసంటుకుని పైకి రానివాళ్ల లెక్క అది.
తెల్లారేసరికి దీపాల గదిలో
పదిహేడు కొక్కేలు ఖాళీ.
టీవీలవాళ్లొచ్చారు, మంత్రొచ్చాడు, బిషప్పొచ్చాడు.
బ్యాండువాళ్ల టోపీల మీది నల్ల ఈకలు
వానకు తడిసి ముద్దయ్యాయి.

నాకు ఆ గనిలో ఎవరూ లేరు.
ముందే చెప్పేస్తున్నా, తర్వాత మాట పడకుండా.

నేను ఆరో నంబరు ట్రాము నడుపుతాను.
రోజుకు ఎనిమిదిసార్లు
మా తమ్ముడు ఎర్విన్ కిటికీ కిందుగా పోయేదాన్ని.
నాలుగో అంతస్తు. ఎర్రరంగేసిన చట్రం.
తాగనని ఒట్టేసి, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి,
నన్ను తిట్టి, నేనూ తిట్టి,
రెండు చలికాలాలుగా మాటల్లేవు.

ఆ మంగళవారం కిటికీలో లైటు వెలుగుతోంది.
బుధవారం పట్టపగలు వెలుగుతోంది.
కరెంటు బిల్లు వీడి తాత కడతాడా, అనుకున్నాను.
గురువారం కూడా సరిగ్గా అదే అనుకున్నాను.
ట్రాములో అందరూ ఆ పదిహేడుమంది గురించే మాట్లాడుతుంటే
నా కళ్లూ తడిశాయి.
తడి కళ్లతోనే దాటుకుపోయాను
ఆ కిటికీని, ఎనిమిదేసి సార్లు.

శుక్రవారం కింది వాటా ఆవిడ
వాసనొస్తోందని పోలీసులకు ఫోన్ చేసింది.

పేపర్లో రాలేదు. ఆ వారం జాగా లేదు.
శవపేటికల కొట్లో కూడా
"ఆగాలమ్మా, గనివాళ్లవి ముందు" అన్నారు.
నిజమే కదా, వాళ్లవే ముందు.

పాట రెండేళ్లకొచ్చింది.
డిపో క్యాంటీన్లో, ప్లేటులో పిండి ఉండలు, మాంసం పులుసు,
గోడమీద రేడియో.
మూడో చరణంలో పాటగాడు పాడటం మానేసి
గొంతు చించుకుంటాడు:
దీపం ఆరలేదురా, ఎవ్వడూ రాలేదురా.
ఆ పులుసు ఏమైందో నాకు తెలియదు.

వాడు రాసింది మట్టికింద దీపం గురించి.
నాకు వినబడింది అరవై వాట్ల బల్బు.

అప్పట్నుంచి దొంగలా వింటున్నాను,
తలుపేసుకుని, సౌండు తగ్గించి.
గోడకవతల గని పెన్షన్ తీసుకునే ముసలాయన.
ఆయనకు హక్కుంది.
ఊరందరి చావు పందిట్లో దూరి
నా ఒక్కడి కోసం ఏడ్చుకోవడానికి నాకేం హక్కు?

నిరుడు పునీత బార్బరా పండగనాడు
ఆ బ్యాండు మా ఊరే వచ్చింది.
మూతబడ్డ గని ఆవరణలో, మంచులో, వెయ్యిమంది.
డ్రమ్ము మొదలవగానే జనం పెదాలు కదులుతున్నాయి:
ఒకటి, రెండు, మూడు...
తొమ్మిది దగ్గర నా పక్కావిడ కళ్లు మూసుకుంది.
గెర్ట్రూదా. తొమ్మిదో దెబ్బ ఆవిడ మొగుడు.

మూడో చరణానికి నేను నిలబడలేకపోయాను.
ఆవిడే పట్టుకుని అడిగింది, చెవిలో:
"మీవాడు ఏ మట్టంలో ఉన్నాడు?"
నాలుక మీద ఉన్నది జారిపోయింది:
"నాలుగు."

ఆవిడ కాసేపు నన్నే చూసింది.
"నాలుగో మట్టంలో ఆ రాత్రి ఎవరూ లేరే," అంది.

గిటార్లు రెండూ ఒకేసారి విరుచుకుపడ్డాయి.
నేనేం చెప్పానో, అసలు చెప్పానో లేదో,
ఆవిడకేం వినబడిందో.
ఫ్లాస్కు మూత తిప్పి, టీ పోసి
ఊది మరీ ఇచ్చింది,
పిల్లలకిచ్చినట్టు.

ఇప్పుడు ఆ కిటికీకి బాతుబొమ్మల తెర.
రాత్రి తొమ్మిదయ్యేసరికి బుద్ధిగా లైటార్పేస్తారు.
దాని కిందికి రాగానే నా కాలు దానంతటదే
గంట మీద పడుతుంది, ఒక్కసారి.

డిపో నుంచి కాగితమొచ్చింది:
ఆరో నంబరు మీద, మూడో స్టాపు దాటాక
కారణం లేకుండా గంట కొడుతున్నందుకు
సంజాయిషీ రాసివ్వాలట.

నాలుగు రోజులైంది.
తేదీ ఒక్కటే వేశాను.